మారు వడ్డన

లీడ్ పోస్టు గురించి నన్ను మొదటిసారి అడిగింది ఒక మంగళవారం పొద్దున, కాఫీ మెషీన్ దగ్గర. కెనడాలోని గ్వెల్ఫ్‌లో కారు తలుపులకు రబ్బరు సీళ్ళు చేసే ఫ్యాక్టరీలో నేను క్వాలిటీ ఇంజినీరుని. అప్పటికి చేరి మూడేళ్ళయింది. మా మేనేజరు తన కప్పు నింపుకుంటూ, నా వైపు పూర్తిగా తిరగకుండానే, "క్వాలిటీ లీడ్ పోస్టు ఖాళీ అవుతోంది. నీకేమైనా ఆసక్తి ఉందా?" అన్నాడు.

ఉంది. చాలా ఉంది. ఆ కబురు తెలిసినప్పటి నుంచి, పొద్దున్నే మిల్టన్‌లో ఇంటి ముందు కారెక్కి గ్వెల్ఫ్‌లో దిగేదాకా, ఆ టీమును నేనైతే ఎలా నడుపుతానో మనసులో అనుకుంటూనే వస్తున్నాను. కానీ నోరు నా మాట వినలేదు. "అయ్యో, నాకంటే సీనియర్లు ఉన్నారు కదా. ముందు వాళ్ళని అడగండి" అంది.

"సరే, పర్లేదు" అన్నాడాయన. కప్పుకు మూత పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఫ్యాక్టరీలో మేమంతా మాట్లాడుకునేది ఇంగ్లీషే. వాళ్ళ మాటలు నాకు గుర్తున్నంతవరకు తెలుగులో పెడుతున్నాను. ఆ రోజు నేనన్నది మాత్రం ఇంగ్లీషులో అన్నా అచ్చంగా తెలుగు మాటే.

ఇది చదివే తెలుగువాళ్ళకు నేను చేసిన తప్పేమిటో విడమరిచి చెప్పనక్కర్లేదు. మా ఒంగోలు ఇంటికి ఎవరొచ్చినా "కాఫీ తాగుతారా" అని మా అమ్మ అడగడం, "వద్దండీ, ఇప్పుడే తాగొచ్చాం" అని వాళ్ళు అనడం, ఆ మాట పూర్తి కాకముందే మా అమ్మ పాలగిన్నె స్టవ్ మీద పెట్టడం నేను వందలసార్లు చూశాను. మొదటి "వద్దు" ఎదుటివాళ్ళను ఇబ్బంది పెట్టకూడదని. రెండో "వద్దు" తాము ఆశపోతులం కామని. మూడోసారి అడిగితే అప్పుడు వస్తుంది అసలు జవాబు. పెళ్ళి పంక్తిలో నిజంగా కడుపు నిండినవాడు నోటితో చెప్పి ఊరుకోడు, విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టి వంగిపోతాడు. నోటితో అన్న "చాలు"ను వడ్డించేవాడు కూడా లెక్కలోకి తీసుకోడు. అలా పెరిగినదాన్ని కాబట్టి మా మేనేజరు రెండోసారి అడుగుతాడని ఆ మధ్యాహ్నమంతా చూశాను. ఆ వారమంతా చూశాను. రెండోసారి అడిగితే "మీరంతగా అంటే ఆలోచిస్తాను" అనాలనీ, మూడోసారికి ఒప్పుకోవాలనీ జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను.

మా ఆయనది వరంగల్. హైదరాబాదులో ఒకే కాలేజీలో చదువుకున్నాం, అందుకని ఒకరినొకరం మొదటినుంచీ నువ్వు అనే పిలుచుకుంటాం. ఆయన ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉండగా సంగతి చెప్పాను.

"అడిగిండా? ఏమన్నవ్ మరి?"

"సీనియర్లున్నారు కదా అన్నాను."

"గట్లెందుకన్నవ్?"

"అడగ్గానే సరే అంటే ఏం బావుంటుంది? మళ్ళీ అడుగుతాడుగా."

"వాడేమన్న మీ పెద్దమ్మనా, బతిమాలి పెట్టనీకి? నువ్వు వద్దన్నవ్, వాడు సరే అన్నడు, అయిపాయె. అడగందే అమ్మయినా పెట్టదంటరు."

"మా అమ్మ అడక్కుండానే పెట్టేది" అన్నాను కోపంగా.

"అందుకే గిట్ల తయారైనవ్" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత మనకు ఒకటుంది. పక్క గదిలో కూతురు ఉంది కాబట్టి ఆయన దాన్ని పైకి అనలేదు గానీ, అనాలన్న ఉబలాటం ముఖంలో కనిపించింది.

పది రోజులకు ఈమెయిల్ వచ్చింది. లీడ్ పోస్టు మా టీములోనే నాకంటే ఏడాదిన్నర తర్వాత చేరిన అబ్బాయికి ఇచ్చారు. ఒంటారియోలోనే పుట్టి పెరిగినవాడు, మంచివాడు. కొలత పరికరాలు పట్టుకోవడం అతనికి నేర్పింది నేనే. ఆ రోజు కేకు తెప్పించి, దాని మీద అతని పేరు రాయించింది కూడా నేనే. తప్పు నాదే అనుకున్నాను. ఈ దేశం పద్ధతి ఇది, ఒకసారి అడుగుతారు, కావాలంటే కావాలని చెప్పాలి, చెప్పకపోవడం నా తెలివితక్కువతనం. అలా అనుకోవడంలో ఒక సుఖం ఉంది. తప్పు మనదైతే దిద్దుకోవచ్చు కదా.

నెల తర్వాత ఆ సుఖం కూడా పోయింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ అబ్బాయి తనే చెప్పాడు. ఏ కల్మషమూ లేకుండా, అలసిపోయిన కొత్త తండ్రి చెప్పుకునే కష్టంలాగా చెప్పాడు.

"నిజానికి నేను వద్దన్నాను. ఇంట్లో పసిపాప. రెండుసార్లు వద్దని చెప్పాను. ఆయన వదిలితేనా! భోజనానికి తీసుకెళ్ళాడు. నువ్వు చేయగలవు, నాకు తెలుసు అన్నాడు. నాలుగింటికల్లా ఇంటికి వెళ్ళేలా టైమింగ్స్ కూడా మారుస్తానన్నాడు. మూడోసారి ఇంక కాదనలేకపోయాను."

నా చేతిలో పెరుగన్నం చెంచా అలాగే ఆగిపోయింది. అంటే మా మేనేజరుకు కొసరి అడగడం వచ్చు. బ్రహ్మాండంగా వచ్చు, మా అమ్మంత బాగా వచ్చు. ఎవర్ని కొసరాలో కూడా ఆయనకు తెలుసు. అతను వద్దంటే అది వినయం, నేను వద్దంటే అది జవాబు. ఈ దేశంలో మారు వడ్డన లేదనుకున్నాను ఇన్నాళ్ళూ. ఉంది. నా విస్తరి దాకా రాలేదు. ఆ పూట నాకు ఏడుపు రాలేదు, కోపం కూడా వెంటనే రాలేదు. ఒళ్ళంతా బరువెక్కినట్టయింది. ఆ బరువు తర్వాత ఎప్పుడూ పూర్తిగా దిగలేదు.

ఇక్కడ నా పని పద్ధతి గురించి చెప్పాలి. మా ఫ్యాక్టరీలో రబ్బరును అచ్చుల్లో పెట్టి వేడిమీద నొక్కే పెద్ద ప్రెస్సులున్నాయి. వాటిలో ఒకదాన్ని ముప్ఫై ఏళ్ళుగా నడిపే పెద్దాయన ఉన్నాడు. వాళ్ళ తాతల నాడు ఇటలీ నుంచి వచ్చారట. మొదటి రోజుల్లో నేను వెళ్ళి "బ్యాచ్ ఎలా ఉంది?" అని అడిగితే "బాగానే ఉంది" అనేవాడు. అందరూ అదే అంటారు. బాగాలేదంటే ప్రెస్సు ఆపాలి, పసుపు కాగితం నింపాలి. తేడా వచ్చినప్పుడు రాసే కాగితం అది. అందులో మూడు గళ్ళుంటాయి: ఏం జరిగింది, ఎప్పటినుంచి, చూసినవాళ్ళెవరు. ఆ తలనొప్పి ఎవరికి కావాలి?

నేను మాత్రం మొదటి "బాగానే ఉంది"ని జవాబుగా తీసుకోలేను. ఎలా తీసుకుంటాను, మా ఇంట్లో మొదటి మాటకు విలువే లేదాయె. రెండు కప్పుల కాఫీ పట్టుకెళ్ళి, ఆయన మోకాళ్ళ నొప్పి సంగతి కనుక్కుని, మళ్ళీ అడిగేదాన్ని. "చెప్పాను కదా, బాగుందని" అని విసుక్కునేవాడు. కాసేపు అక్కడే నిలబడి సీళ్ళు చేత్తో వంచి చూస్తూ మూడోసారి అడిగేదాన్ని. అప్పుడు నెమ్మదిగా, ప్రెస్సు వైపు చూస్తూ, "పొద్దున ఒక పది నిమిషాలు వేడి తగ్గింది" అనేవాడు. వేడి తగ్గితే రబ్బరు పైకి బాగానే కనిపిస్తుంది, లోపల ఉడకదు. "రాయండి" అని పసుపు కాగితం ఇచ్చేదాన్ని. తిట్టుకుంటూ రాసేవాడు. రెండేళ్ళు పోయేసరికి నేను కాఫీతో కనిపిస్తే చాలు, "అడుగు, మూడుసార్లు అడిగేసి నన్ను వదిలెయ్యి" అని నవ్వేవాడు.

లీడ్ అయిన అబ్బాయి కూడా నన్ను చూసి ఈ పద్ధతి పట్టుకున్నాడు. అతని ఏడాది రివ్యూలో మా మేనేజరు దాన్ని "క్షుణ్ణంగా పనిచేసే గుణం" అని రాశాడట. నా రివ్యూలో రాసింది వేరు: "ఒకే ప్రశ్న పదేపదే అడుగుతుంది. తోటివాళ్ళ మీద నమ్మకం తక్కువని అనిపిస్తుంది."

ఆ వాక్యం పట్టుకుని ఆయన గదికి వెళ్ళాను. నమ్మకం సంగతి ఆయన నవ్వి తేల్చేశాడు. వచ్చినదాన్ని ఎలాగూ వచ్చాను కదా అని, ఇంకో లీడ్ పోస్టు పడితే నన్ను పరిగణించమని అడిగేశాను. ఆయన కంప్యూటర్లో ఏదో తెరిచి, చదివి, నిజంగా ఆశ్చర్యపోయాడు.

"నీకు నాయకత్వం మీద ఆసక్తి లేదని ఉందే ఇక్కడ! ఇప్పుడున్న పనిలోనే సుఖంగా ఉందని రాసి ఉంది."

"ఎవరు రాశారు?"

"నేనే. నువ్వే చెప్పావు కదా."

కాఫీ మెషీన్ దగ్గర నేనన్న ఒక్క మాట అక్కడ రెండేళ్ళుగా కూర్చుని ఉంది. నేను ఎన్ని బ్యాచులు కాపాడినా అది మాత్రం కదల్లేదు. ఫ్యాక్టరీలో రెండో ప్రొడక్షన్ లైనుకు లీడ్ పోస్టు పడినప్పుడు కాగితం మీద అప్లై చేశాను. ఇంటర్వ్యూలో అడిగినదానికల్లా నెమ్మదిగా, ఉన్నదున్నట్టు చెప్పాను. "నీకు నిజంగా కావాలన్న తపన కనిపించలేదు" అన్నారు. పోస్టు బయటినుంచి వచ్చిన ఇంకొకరికి వెళ్ళింది. నాకు తపన నేర్పడానికి ఎటోబికోలోని హెడ్డాఫీసుకు నెలకు రెండుసార్లు కోచింగ్‌కు పంపారు.

ఆ మధ్యలోనే ఇంట్లో ఒక సంగతి జరిగింది. మా అమ్మాయికి అప్పుడు పద్నాలుగేళ్ళు. వాలీబాల్ ప్రాక్టీస్ తర్వాత స్నేహితురాలిని ఇంటికి తీసుకొచ్చింది. దోసెలు పోశాను. ఆ పిల్ల ఒకటి తిని చాలంది. ఇంకోటి వెయ్యనా అన్నాను. వద్దంది. చిన్నదేలే అన్నాను. వద్దంది. వేసేశాను. మా అమ్మాయి ముఖం ఎర్రబడింది.

"అమ్మా! షీ సెడ్ నో. ట్వైస్!"

స్నేహితురాలు వెళ్ళాక తగువేసుకున్నాం. అతిథికి కొసరి పెట్టడం తప్పా అని నేను. మా అమ్మాయి ఇంగ్లీషులో నింపాదిగా చెప్పింది: నువ్వలా అడుగుతూనే ఉంటే, నిన్ను ఆపడం కోసం ఆ పిల్ల తినాల్సి వస్తుంది, అది ప్రేమ కాదు, ఆమె మాటను నమ్మకపోవడం. గిన్నెలు కడుగుతూ చాలాసేపు ఆలోచించాను. పిల్ల చెప్పింది నిజమే. ఒక్కసారే అడగడంలో కూడా ఒక మర్యాద ఉంది. నీ మాటే నీ మనసని నమ్ముతున్నాను అనే మర్యాద. మా మేనేజరు అందరినీ ఒక్కసారే అడిగే మనిషైతే నాకు ఆయనతో పేచీయే లేదు. మర్యాదను మనిషిని చూసి మార్చడం దగ్గరే నాకు మండుతుంది.

కోచింగ్ ఇచ్చే ఆవిడ చెడ్డమనిషి కాదు. గది కిటికీ మీదుగా ఎయిర్‌పోర్టుకు దిగే విమానాలు వెళ్తుంటే మాట ఆపి, అవి దాటాక మళ్ళీ మొదలుపెట్టేది. వాక్యం "నేను"తో ప్రారంభించమంది. నవ్వు తగ్గించమంది. గదిలోకి నడిచి రమ్మని, మళ్ళీ బయటికెళ్ళి మళ్ళీ నడిచి రమ్మని అయిదారుసార్లు చేయించింది. నాకు పెళ్ళిచూపులంటూ జరగలేదు గానీ, జరిగినవాళ్ళను కూడా ఇంతలా నడిపించి చూసి ఉండరు. "నాకు ఈ పోస్టు కావాలి" అని అద్దం ముందు రోజూ పదిసార్లు అనమంది. అన్నాను. అద్దంలో ఆడమనిషి నాకంటే పొడుగ్గా ఉన్నట్టుండేది. చివరిరోజు నా రివ్యూ కాగితం చదివి, "ఒకసారి అడుగు, జవాబును గౌరవించు, ముందుకు నడువు. మూడుసార్లు అడగడం బలహీనతలా కనిపిస్తుంది" అంది.

అదీ పాటించాను. ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేని సంగతి ఇది. నాలుగు నెలలు ప్రెస్సుల దగ్గరికి వెళ్ళి ఒక్కసారే అడిగి, "బాగానే ఉంది" అంటే "బాగుంది" అని రాసుకుని వచ్చేశాను. కాఫీ పట్టుకెళ్ళడం కూడా మానేశాను. పెద్దాయన మొదట్లో నేను వెళ్తుంటే వెనకనుంచి చూసేవాడు. తర్వాత చూడటం మానేశాడు.

అయిదో నెలలో లోపల ఉడకని సీళ్ళ లోడు ఒకటి కస్టమరు దగ్గరి నుంచి తిరిగొచ్చింది. ఆ బ్యాచ్ పెద్దాయన ప్రెస్సుదే. నా సంతకంతోనే వెళ్ళింది. పరుగున ఆయన దగ్గరికి వెళ్ళాను.

"ఆ రోజు వేడి తగ్గిందా?"

"తగ్గింది."

"మరి నాతో బాగుందన్నారే!"

ఆయన నా వైపు చూశాడు. ఆ చూపులో దబాయింపు లేదు, చిన్నబుచ్చుకున్నతనం ఉంది. "నువ్వు మళ్ళీ అడగలేదుగా" అన్నాడు.

అప్పుడు ఏడ్చాను, పార్కింగ్‌లో కారులో కూర్చుని. ఎవరో వేసుకోమన్న కోటు వేసుకుని, నాకున్న ఒక్క విద్యనూ ఆ కోటు జేబులో కుక్కేసి తిరిగానన్నమాట. మర్నాడు మళ్ళీ రెండు కాఫీలు పట్టుకెళ్ళాను. పెద్దాయన కప్పు అందుకుని కాస్త జరిగి చోటిచ్చాడు.

నేర్చుకున్న ఆ తపనతో ఇంకోసారి ఇంటర్వ్యూకు కూడా వెళ్ళానని చెప్పాలి. మొదటి లైనులోనే సీనియర్ పోస్టు. "నాకు ఈ పోస్టు కావాలి" అని వాళ్ళ కళ్ళలోకి చూసి చెప్పాను. "అర్హత ఉంది" అని కూడా అన్నాను. వారం తర్వాత మా మేనేజరు చెప్పిన మాట: "కొంచెం దూకుడుగా అనిపించిందని ప్యానెల్ అభిప్రాయం." ముందు నుయ్యి, వెనక గొయ్యి. నెమ్మదిగా ఉంటే తపన లేదు, తపన చూపిస్తే దూకుడు. మా ఆయన ఈసారి సామెతలు చెప్పలేదు. "ఇడిసిపెట్టు. వేరే కాడ చూడరాదు" అని మాత్రం అన్నాడు.

చూడొచ్చు. చూడకా కాదు. కానీ అప్పటికే నేను అలిసిపోయాను. కోపంగా ఉన్నవాళ్ళు ఉద్యోగాలు మారతారు, అలిసిపోయినవాళ్ళు పొద్దున్నే లేచి అదే ఉద్యోగానికి వెళ్తారు. చలికాలంలో తెల్లవారకముందే 401 హైవే మీద కార్ల మధ్య నెమ్మదిగా పాకుతూ, ఇవాళ నేనెలా నవ్వాలి, ఎంత నవ్వాలి, నేను అని ఎన్నిసార్లు అనాలి అని లెక్కలేసుకుంటూ వెళ్ళడం ఎంత అలుపో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. పని వల్ల కాదు ఆ అలుపు. పని నాకెప్పుడూ భారం కాలేదు. పనికి ముందు నన్ను నేను సర్దుకోవడమే భారం. ఆ పాఠాలు మానేసి ఎలా ఉన్నదాన్ని అలా వెళ్ళడం మొదలుపెట్టాక సగం బరువు తగ్గింది. మిగతా సగం తగ్గించడం నా చేతిలో లేదు.

పోయిన శరదృతువులో, లీడ్‌గా ఉన్న ఆ అబ్బాయి వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు. ఐదేళ్ళ తర్వాత మా మేనేజరు మళ్ళీ అదే కాఫీ మెషీన్ దగ్గర, అదే కప్పు నింపుకుంటూ అడిగాడు.

"మనిషి దొరికేదాకా లీడ్ పని నువ్వు చూసుకుంటావా? తాత్కాలికంగా. హోదా అదీ ఉండదులే, పని మాత్రం."

నా లోపల ఒంగోలు పిల్ల, ఎటోబికో పాఠం రెండూ ఒకేసారి నోరు తెరవబోయాయి. రెండింటినీ ఊరుకోబెట్టాను. గొంతు పెంచలేదు, నవ్వలేదు.

"పని చేస్తాను, పోస్టు నాదైతే. ఈ లైనులో ఎనిమిదేళ్ళుగా ఉన్నాను, మనిషి కోసం వెతకనక్కర్లేదు. పోస్టు లేకుండా మాత్రం చెయ్యను. అయిదేళ్ళ కిందట మీరు అడిగినప్పుడు కూడా నాకు కావాలనే ఉంది. మీరు ఇంకొక్కసారి అడిగుంటే చెప్పేదాన్ని. ఆ అబ్బాయిని మూడుసార్లు అడిగారు."

ఆయన మూత పెట్టడం ఆపాడు. ఒక్క క్షణం, ఈయనకు అర్థమైంది అనుకున్నాను. "చూద్దాం" అన్నాడు.

చూద్దాం అంటే ఏమిటో మనవాళ్ళకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. అయినా మూడు వారాలు ఆశ పడ్డాను. ఆశకు సిగ్గుండదు. మూడు వారాల తర్వాత సోమవారం ఈమెయిల్ వచ్చింది. టొరంటో నుంచి కొత్త లీడ్ వస్తున్నాడు. ఈ రబ్బరు పని అతనికి కొత్త కాబట్టి, మొదటి ఆర్నెల్లూ దగ్గరుండి అన్నీ నేర్పించవలసిందిగా నన్ను కోరారు. కోరారు అన్నది మర్యాదకు, అది అడగడం కాదు.

అది చదివి, కంప్యూటర్ మూసి, బ్యాచ్ చూడటానికి వెళ్ళాను. చేతులకు ఏదో ఒక పని కావాలి కదా. ఆ రోజు కాఫీ పట్టుకెళ్ళడం మర్చిపోయాను. పెద్దాయన నన్నూ, నా ఖాళీ చేతులనూ చూశాడు.

"అంతా బాగానే ఉందా?" అన్నాడు.

"బాగానే ఉంది" అని సీళ్ళ పెట్టె వైపు వంగాను.

ఆయన అవతల ఉన్న తన ఫ్లాస్కు తెచ్చి, మూతలో కాఫీ వంచి నా ముందు పెట్టాడు. వచ్చే వేసవికి రిటైరవుతానని, పెరట్లో టమాటాలు వేస్తానని ఏదో చెప్పాడు. తర్వాత మళ్ళీ అడిగాడు.

"అంతా బాగానే ఉందా?"

"ఉందని చెప్పాను కదా" అన్నాను విసుగ్గా. అన్నాక గానీ తెలియలేదు, అది ఎవరి మాటో.

ఆయన నవ్వలేదు. ప్రెస్సు ఆపాడు. నేను అడిగినా వెంటనే ఆపని మనిషి. ఆ మోత ఆగేసరికి నా ఊపిరి నాకే వినిపించింది. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని, తొందరేమీ లేనివాడిలా మూడోసారి అడిగాడు.

"అంతా బాగానే ఉందా?"

"లేదు" అన్నాను. "బాగాలేదు."

చెప్పాను. ఆ మంగళవారం నుంచి ఈ సోమవారం దాకా మొత్తం చెప్పాను. కొన్నిచోట్ల తెలుగులో కూడా చెప్పి ఉంటాను. ఆయన ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. నేను ఆగాక, లేచి, గోడకున్న అరలోంచి ఒక పసుపు కాగితం తీసి, పెన్నుతో సహా నా ముందు పెట్టాడు.

"రాయి."

"ఇది రబ్బరుకు సంబంధించిన కాగితం" అన్నాను.

"ఎనిమిదేళ్ళు నాతో రాయించావు. బాగాలేనిదాన్ని రాయకపోతే అది లేనట్టే అన్నావు. నువ్వే అన్నావు. పైవాళ్ళకు ఏ కాగితం మీద ఇస్తావో తర్వాత చూసుకో. ముందు రాయి."

మొదటి గడి, ఏం జరిగింది. కోచింగ్ ఆవిడ చెప్పినట్టు "నేను"తో మొదలుపెట్టలేదు. ఆ అబ్బాయిని మూడుసార్లు అడిగారు, నన్ను ఒక్కసారే అడిగారు అని రాశాను. కింద మిగతావన్నీ ఒకదాని తర్వాత ఒకటి రాశాను. గడి చాలక అంచుల్లోకి వెళ్ళింది. రెండో గడి, ఎప్పటినుంచి. అయిదేళ్ళుగా అని రాశాను. మూడో గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. చూసినవాళ్ళెవరు? ఇలాంటివాటిని ఎవరు చూస్తారు, చూసినా ఎవరు చూశామంటారు?

పెద్దాయన నా చేతిలోంచి పెన్ను తీసుకుని, అక్కడ తన పేరు రాశాడు.